పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కాలేజీ పిల్లలు, ఫోన్ చెల్లింపులు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతోంది. టీ ఖర్చు నుంచి పరీక్ష ఫీజు దాకా అన్నీ ఫోన్‌లోనే చెల్లిస్తుంది. ఖాతా తెరిచిన రోజు తప్ప మళ్లీ బ్యాంకు గడప తొక్కలేదు. ఈ వయసు పిల్లలకు డిజిటల్ బ్యాంకింగ్ మీద ఇంత ఆసక్తి ఎందుకు? నేనెంతవరకు కలగజేసుకోవచ్చు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: మీ అమ్మాయి ఆసక్తి బ్యాంకింగ్ మీద కాదు, చెల్లింపుల సౌకర్యం మీద. ఫిక్స్‌డ్ డిపాజిట్, బీమా వంటి సేవలు అదే ఫోన్‌లో ఉన్నా వాటిని తెరిచి చూసే విద్యార్థులు తక్కువే.

2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్దనోట్ల రద్దుతో జనం దానివైపు మళ్లారు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారులకు రుసుము లేకపోవడంతో, కాలేజీ గేటు ముందు టీకొట్టులో కూడా క్యూఆర్ కోడ్, డబ్బు అందిందని పైకి చెప్పే చిన్న స్పీకరు వచ్చి చేరాయి. చిల్లర బెడద తీరింది. నలుగురు కలిసి తిన్న బిరియానీ ఖర్చును అక్కడికక్కడే పంచుకునే వీలు కలిగింది. స్నేహితులందరూ వాడుతున్నప్పుడు ఒక్కరే నోట్లు తీయడం ఇబ్బందిగానే ఉంటుంది. బ్యాంకుల ప్రకటనలకన్నా ఈ తోటివారి ప్రభావమే బలమైనదని నా అభిప్రాయం.

ఇంత అలవాటైన వారినీ వెనక్కి లాగేది నమ్మకం సడలడం. దుకాణానికి పంపిన సొమ్ము ఖాతాలో తగ్గి అవతల చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019 నిబంధనల ప్రకారం లావాదేవీ జరిగిన నాటి నుంచి 5 రోజుల్లోగా అది తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఫిర్యాదే చేయరు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. కమీషన్ ఆశ చూపి విద్యార్థుల ఖాతాలను వాడుకునే సైబర్ మోసగాళ్లున్నారు. అలా ఖాతా అప్పగించినవారే పోలీసు కేసులో చిక్కుకుంటారు. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదనీ, మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలనీ ఆమెకు చెప్పండి. ఖర్చుకు హద్దు ఉండాలనుకుంటే, మీ ఖాతా నుంచే నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయల వరకు పరిమితి పెట్టి ఆమెను చెల్లించనిచ్చే ‘యూపీఐ సర్కిల్’ సదుపాయం ఉంది. అయితే ప్రతి టీ ఖర్చూ మీ ఫోన్‌లో కనిపిస్తుంది గనుక, ముందు ఆమె ఇష్టం కనుక్కోండి.