జర్మనీలో మెర్కెల్ కాకుండా తెలుసుకోదగ్గ మహిళా పార్లమెంటేరియన్ ఎవరు?

నన్నడిగితే ఎలిజబెత్ సెల్బెర్ట్. జర్మన్ జాతీయ పార్లమెంటు బుండెస్టాగ్‌లో ఆవిడ ఒక్కరోజు కూడా కూర్చోలేదు. హెస్సె రాష్ట్ర శాసనసభలో మాత్రం 1946 నుంచి 1958 దాకా ఉన్నారు.

నేను చదువుకని ఆ రాష్ట్రంలోని కాసెల్ నగరానికి వచ్చి ఉద్యోగంతో ఇక్కడే ఉండిపోయాను. ఆవిడ పుట్టింది (1896) ఈ ఊళ్లోనే. అయినా జర్మన్ క్లాసులో మా టీచర్ చెప్పేదాకా నాకు ఆ పేరే తెలియదు.

ఇద్దరు పిల్లలు పుట్టాక సొంతంగా చదివి స్కూల్ ఫైనల్ పాసై, తర్వాత లా చేసి, 1930లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1933లో నాజీలు భర్తను కొన్నాళ్లు బ్రైటెనావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. కొత్తగా ఆడవాళ్లను లాయర్లుగా చేర్చుకోవడం ఆపేసేముందు, 1934 చివర్లో, ఆవిడకు లైసెన్సు దొరికింది. ఇల్లు గడిచింది ఆ ప్రాక్టీసుతోనే.

అసలు కథ 1948లో, బాన్‌లో. కొత్త రాజ్యాంగం రాసే పార్లమెంటరీ కౌన్సిల్‌లో 65 మంది ఉంటే ఆడవాళ్లు నలుగురే. 'స్త్రీపురుషులకు సమాన హక్కులు ఉంటాయి' అని సూటిగా రాయాలని ఆవిడ పట్టు. పౌరహక్కుల వరకే సమానత్వం అంటే 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోలాగే పెళ్లి, ఆస్తి, పిల్లల విషయాల్లో భర్త మాటే చెల్లుతుందని ఆవిడ భయం. ఆవిడ కోరినట్టు రాస్తే కుటుంబ చట్టాలన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయని సొంత పార్టీ (సోషల్ డెమోక్రాట్లు) సభ్యురాలు ఫ్రీడెరికె నాడిగ్ కూడా మొదట్లో వెనకాడారు. డిసెంబరులో కౌన్సిల్ ప్రధాన కమిటీలో జరిగిన ఓటింగ్‌లో సెల్బెర్ట్ ఓడిపోయారు. ఊరుకోలేదు, ఊరూరా తిరిగి మాట్లాడారు. మహిళా సంఘాల నుంచి, శాసనసభల్లోని మహిళల నుంచి బాన్‌కు ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1949 జనవరిలో అదే వాక్యాన్ని అదే కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది! ఇప్పుడది మూడో అధికరణంలో ఉంది.

రాజ్యాంగంలో ఎక్కింది కదా అని ఇళ్లల్లో వెంటనే ఏమీ మారలేదు. పాత చట్టాలు మార్చుకోవడానికి 1953 మార్చి 31 దాకా గడువిచ్చారు, అదీ దాటిపోయింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 1958 జులైలో. అప్పటిదాకా భార్య ఆస్తి మీద, ఉద్యోగం మీద భర్తకు చాలా అధికారం ఉండేది. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ వాళ్లమ్మకు కొట్లో పని దొరికినా నాన్న ఒప్పుకోక చేరలేదట. ఆమె దాన్ని పెద్ద విషయంగా కూడా చెప్పలేదు, 'అప్పుడంతే' అంది.

పిల్లల విషయంలో తండ్రిదే ఆఖరి మాట అనే నిబంధనను కొత్త చట్టంలోనూ ఉంచారు. దాన్ని 1959లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆ కోర్టులో జడ్జి పదవికి సెల్బెర్ట్ పేరు వినిపించినా పార్టీ మద్దతు దొరకలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే.

విడాకులకు తప్పెవరిదో తేల్చడం కాదు, కాపురం చెడిపోయిందా లేదా అన్నదే చూడాలని ఆవిడ థీసిస్‌లో వాదించారు. అది చట్టంగా అమల్లోకి వచ్చింది 1977లో. అప్పటికి ఆవిడకు 80 ఏళ్లు, కాసెల్‌లో ఇంకా ప్రాక్టీసు చేస్తూనే ఉన్నారు.