బయటి గడియ

చిన్నీ,

రెండేళ్ల పాపను దత్తత తెచ్చుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాగితాలూ డాక్టర్లూ మీరు చూసుకోగలరు. సెలవు వీలైనంత ఎక్కువ పెట్టు. కొన్నాళ్లు చుట్టాలను రానివ్వకు, నన్ను కూడా. పాప గదికి బయటవైపు గడియ ఉంటే మాత్రం ముందు అది పీకించెయ్.

జీన్ టెస్ట్ చేయిస్తే కోపిష్టి అవుతుందో లేదో తెలుస్తుందా అని అడిగావట. పిచ్చిదానా! 2003లో సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన ఒక్క జన్యువును చూపించి, కష్టాలొస్తే ఎవరు కుంగిపోతారో దాన్నిబట్టి తెలుస్తుందన్నారు. తర్వాత చాలా ఎక్కువమందిని పరీక్షిస్తే ఆ మాట నిలబడలేదు. పుట్టుకతో వచ్చే స్వభావం లేదనను. నా కూతురు గిన్నె కింద పడినా ఉలిక్కిపడేది, పెద్దాడు కదిలేవాడు కాదు. కానీ దాని వెనక ఎన్నో జన్యువులుంటాయి, ఒక్కోదాని పాలు చాలా కొంచెం.

గడియ సంగతి చెప్తాను. పెద్దాడికి మూడేళ్లు. దేనికో గుక్కపట్టి ఏడుస్తుంటే "ఏడుపు ఆపితేనే తలుపు తీస్తా" అని గదిలో పెట్టాను. మొదటిసారి అరగంట ఏడ్చాడు. తర్వాత పది నిమిషాలు. కొన్నాళ్లకు ఏడవడమే మానేశాడు. పిల్లాణ్ణి దారిలో పెట్టానని అందరికీ చెప్పుకున్నాను, సిగ్గులేకుండా. ఒకరోజు పడి మోకాలు చీరుకుపోయింది. నేను ఎదురుగానే ఉన్నాను. వాడు గోడవైపు తిరిగి చొక్కాతో తుడుచుకున్నాడు.

చాలా ఏళ్లకు మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త పరిశోధన గురించి చదివాను. ఏడాది పిల్లల్ని గదిలో వదిలి తల్లి బయటికి వెళ్తుంది, తిరిగొస్తుంది. కొందరు పిల్లలు తలెత్తకుండా బొమ్మలతో ఆడుతూనే ఉంటారు. బుద్ధిమంతులనుకుంటాం. తర్వాత వేరేవాళ్లు అలాంటి పిల్లల గుండె వేగం కొలిచారు. పైకి ప్రశాంతం, లోపల దడదడ. అక్కడ పుస్తకం మూసేశాను.

పసివాళ్లకు తమంతట తాము శాంతించడం చేతకాదే. మన ఒళ్లో చల్లబడీ చల్లబడీ నేర్చుకుంటారు. ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది మరి. మీ పాప ఏడవకపోతే మురిసిపోకు. కొత్తవాళ్లెవరి చంకైనా ఎక్కేస్తే కలుపుగోలు పిల్ల అనుకోకు. పడితే వెళ్లి ఎత్తుకో, పిలవకపోయినా సరే.

మాంట్రియల్‌లో మైకేల్ మీనీ అనే శాస్త్రవేత్త బృందం, పిల్లల్ని అంతగా నాకని తల్లి ఎలుకకు పుట్టిన కూనలను బాగా నాకే తల్లి దగ్గర పెట్టింది. అవి పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉన్నాయి. మనిషి పిల్ల ఎలుక కాదు, తెలుసు. అయినా నాకు అదొక ధైర్యం.

నువ్వూ విసుక్కుంటావు, అరుస్తావు. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు శ్రుతి కుదరదని ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త గమనించాడు. తప్పిన ప్రతిసారీ మళ్లీ దగ్గరికి తీసుకోవడమే ముఖ్యం. నేను తలుపైతే తీశాను గానీ తప్పు నాదని ఎప్పుడూ అనలేదు.

పోయిన నెల అన్నాను. వాడికిప్పుడు నలభై రెండు. "ఏ తలుపమ్మా?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటిదాకా ఫోన్ మాత్రం పెట్టలేదు.

మీ పెద్దమ్మ