లక్కీ గురించి మీ మేనత్త రాస్తున్నది

పాయకాపురం, విజయవాడ

చి.ల.సౌ. బుజ్జికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్లో నువ్వు ఏడ్చినంత పని చేశావు. వెనక నుంచి మీ అత్తగారు "దాన్నన్నా పంపించు, నన్నన్నా పంపించు" అనడం నాకూ వినపడింది. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం కుక్కరు విజిల్లో కొట్టుకుపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అబ్బాయికి కూడా చదివి వినిపించు. సర్‌ప్రైజ్ అంటూ అట్టపెట్టెలో కుక్కపిల్లను పెట్టుకొచ్చింది అతనే కదా.

హాల్లో ఉచ్చ పోసింది, బుడ్డోడి చెయ్యి కొరికింది, రాత్రంతా కుయ్యోమని ఏడ్చింది అన్నావు. 55 రోజుల పిల్ల, తల్లినీ తోడబుట్టినవాళ్ళనీ వదిలి నాలుగు రోజులైంది. ఏడవకేం చేస్తుంది? రాత్రి దాన్ని వంటింట్లో ఒంటరిగా పెట్టి తలుపేయకు. మీ మంచం పక్కనే పాత బొంత వేసి పడుకోబెట్టు. చెయ్యి కిందికి వేలాడేస్తే వాసన చూసి పడుకుంటుంది. వారం పదిరోజులు పోయాక బొంతను కొంచెం కొంచెం జరుపుకుంటూ నీక్కావలసిన చోటికి తీసుకెళ్ళు.

ఉచ్చ సంగతి చెప్తా. నెలకో గంట, పైన ఇంకో గంట కలుపుకో. అంటే రెండు నెలల పిల్ల ఎంత ఆపుకున్నా మూడు గంటలు. ఆటలో ఉంటే అంత కూడా ఆగదు. నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకి, ఆట ఆపగానే ఎత్తుకుని బాల్కనీలో ఒకే మూలకి తీసుకెళ్ళు. అక్కడ గోనెపట్టా ముక్క వెయ్యి, రోజూ ఉతికినా దానికి తెలిసే వాసన కొంచెం మిగిలే ఉంటుంది. అది పని కానిచ్చిన క్షణంలో, అక్కడే, "శభాష్" అని చిన్న ముక్క నోట్లో పెట్టు. లోపలికి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టావనుకుంటుంది. హాల్లో పోసిందా, నోరు మూసుకుని తుడువు. ముక్కు తీసుకెళ్ళి అందులో రుద్దితే బుద్ధి వస్తుందని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు. అలా చేస్తే అది నేర్చుకునేది ఒక్కటే, నీ కంట పడకుండా సోఫా వెనక పోయాలని. నాకు తెలుసు, మా మొదటి కుక్కకి నేనే నేర్పాను ఆ విద్య! తుడిచేటప్పుడు నీళ్ళలో వెనిగర్ కలుపు. ఫినాయిల్ వాసన మన ముక్కుకే, దాని ముక్కుకి అడుగున పాత వాసన తగులుతూనే ఉంటుంది.

ఇక మాటలు. మీ ఇంట్లో అబ్బాయి "సిట్" అంటాడు, నువ్వు "కూర్చో" అంటావు, మీ అత్తగారు "ఛీ, అటుపో" అంటారు, బుడ్డోడు ఒక్కసారే మూడూ అంటాడు. దానికి ఏ భాషా రాదు, ఒక చప్పుడుని ఒక పనితో జత చేసుకుంటుంది, అంతే. కాబట్టి కాగితం మీద అయిదు మాటలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి: రా, కూర్చో, ఆగు, వదులు, పద. ఇంటిల్లిపాదీ అవే వాడాలి. ఒక్కసారే చెప్పాలి. "కూర్చో కూర్చో కూర్చో" అని మూడుసార్లు అంటే మూడోసారికే కూర్చోవాలని నేర్చుకుంటుంది. ఇంకో సంగతి, దాని పేరు పెట్టి తిట్టకు. "లక్కీ" అని వినపడితే ఏదో మంచి జరగబోతోందని పరిగెత్తుకు రావాలి గానీ సోఫా కిందికి దూరకూడదు. అది చెప్పు ఎత్తుకుపోయినా సరే, పిలిచాక వస్తే తిట్టకు. వచ్చినందుకు తన్నులు తిన్న కుక్క రెండోసారి రాదు.

ముక్కలంటే చికెన్ అనుకున్నావేమో, కార్తీకంలో మీ అత్తగారు ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వరని తెలుసు. ఉప్పులేని పనీర్‌ని శనగ గింజంత ముక్కలు చెయ్యి. క్యారెట్ కూడా సరిపోతుంది. అసలు దాని డబ్బాలో గింజల్లోంచే రోజుకో గుప్పెడు పక్కకు తీసి, పాఠాలకి అవే వాడుకోవచ్చు. ఒక్కో పాఠం మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. పొయ్యి మీద పాలు కాగేలోపు ఒకటి అయిపోతుంది.

కొరకడం దాని పుట్టుకలోనే ఉంది. అన్నదమ్ముల్ని గట్టిగా కొరికితే వాళ్ళు కుయ్యిమని ఆట మానేస్తారు, అలా పన్ను ఎంత వాడాలో తెలుసుకుంటుంది. ఇప్పుడు ఆ అన్నదమ్ములు మీరే. పన్ను దిగగానే "అబ్బా" అని లేచి నిలబడి చేతులు కట్టుకుని, ఓ అర నిమిషం దాని వంక చూడకు. బుడ్డోడికి మాత్రం వేరే పాఠం చెప్పాలి: పరిగెత్తకూడదు, కేకలు పెట్టకూడదు, చెట్టులా నిలబడాలి. వాడు పరిగెత్తితే దానికి అది ఆటే. నాలుగో నెలలో పాలపళ్ళు ఊడడం మొదలవుతుంది, చిగుళ్ళు దురద పెడతాయి. పాత తువ్వాలు తడిపి ముడేసి ఫ్రీజర్లో పెట్టి ఇవ్వు, లేదంటే మీ సోఫా కాళ్ళు నములుతుంది. ఏడో నెలకి అన్నీ సర్దుకుంటాయి. బుడ్డోణ్ణీ దాన్నీ ఇద్దర్నే గదిలో వదలకు. ఎంత మంచి కుక్కయినా సరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిగతావి వారం ఆలస్యమైనా పర్వాలేదు, ఇది మాత్రం ఆగదు.

నా పెళ్ళయిన కొత్తలో సత్యనారాయణపురంలో ఉన్నప్పుడు పామరేనియన్‌ని తెచ్చుకున్నాం. ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా అదే. టీకాలన్నీ పూర్తయ్యేదాకా బయటి గాలి తగలకూడదన్నారని ఆరు నెలలు గుమ్మం దాటించలేదు. చుట్టాలొస్తే పడకగదిలో పెట్టి గడియ వేసేదాన్ని. దాని లోకం అంటే నేనూ, మీ మామయ్యా, ఒక బంతీ. ఏడాదిన్నరకి ఒకరోజు గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి బండ భుజాన పెట్టుకుని లోపలికి వచ్చాడు. అది అంతకుముందు భుజం మీద ఎర్రటి బండ ఉన్న మనిషిని చూసి ఎరగదు. పిక్క పట్టేసింది. సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగించి, ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యేదాకా వెంట తిరిగాను. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. "పెంపుడు కుక్కేగా అమ్మా, ఎందుకు కరిచింది?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది: భయపడి కరిచింది, ఆ భయం నేను పెంచింది.

కుక్కపిల్లకి మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా మనసు తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో భయం లేకుండా చూసినవన్నీ "మనవాళ్ళు" జాబితాలోకి వెళ్తాయి. ఆ తర్వాత కొత్తది ఏది కనపడ్డా ముందు అనుమానమే. నీకు ఇంకా ఆరు వారాలుంది. టీకాలేమో నాలుగో నెల నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడుతూనే ఉంటాయి, మొన్న వేయించింది మొదటిదే. మరెలా అంటావు. నేల మీద దింపకు, ఎత్తుకు తిప్పు! పార్వో లాంటి జబ్బులు వీధి కుక్కలు తిరిగే మట్టిలో ఉంటాయి గానీ నీ ఒళ్ళో ఉండవు. సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చో. బ్రాడీపేటలో పావుగంటలో ఎంత లోకం తిరుగుతుందో నీకు చెప్పాలా? కూరల బండి మైకు, స్కూలు ఆటోలు, చెత్త బండి పాట, హెల్మెట్ పెట్టుకున్నవాడు, గొడుగు వేసుకున్న తాతగారు, చేతికర్ర, బురఖా వేసుకున్న ఆవిడ. ఇది మాలలు వేసుకునే కాలం కాబట్టి ఎర్రబట్టల భవానీలూ నల్లబట్టల అయ్యప్పలూ కూడా వెతక్కుండానే దొరుకుతారు. నెలగంట పట్టాక హరిదాసు వస్తాడు, ఆయన వెనకే సన్నాయితో గంగిరెద్దు. ఇవన్నీ చూడాలి.

చూపించడం అంటే దగ్గరికి తోయడం అనుకోకు. అది చెవులు నిక్కించి చూస్తుంటే ఒక గింజ నోట్లో పెట్టు. మళ్ళీ చూస్తే మళ్ళీ పెట్టు. తోక ముడిచి నీ మోచేతి కింద తల దాచుకుందంటే దూరం సరిపోలేదని లెక్క, నాలుగు అడుగులు వెనక్కి జరుగు. అందరి చేతుల్లోనూ పెట్టకు, ముద్దుగా ఉంది కదా అని పదిమంది మీద పడితే దానికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. చప్పుళ్ళు కూడా అంతే. ఫోన్లో టపాకాయల శబ్దం బాగా తగ్గించి పెట్టి అన్నం పెట్టు, రోజూ ఒక గీత పెంచు. డిసెంబరు 31 రాత్రి నీకే ఉపయోగపడుతుంది.

తాకడం గురించి ఇంకో మాట. ఇప్పుడున్న నల్లోడు సింగ్‌నగర్ రోడ్డు మీద దొరికిన ఊరకుక్క పిల్ల. పామరేనియన్ నేర్పిన పాఠం గుర్తుంచుకుని వీణ్ణి చిన్నప్పటి నుంచీ రోజూ రాత్రి అన్నం తర్వాత ఒళ్ళంతా తడిమేదాన్ని. మొదటి రోజు ముందుకాలిని చూపుడువేలితో తాకి ఒక ముక్క. రెండో రోజు కాలు పట్టుకుని ఒక ముక్క. తర్వాత వేళ్ళ మధ్య మెత్తటి చోట వేలు పెట్టి, గోరు నొక్కి, చెవి తిప్పి లోపల చూసి, పెదవి ఎత్తి పళ్ళు చూసి. కాలు లాక్కుంటే వదిలేసి, మర్నాడు ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టేదాన్ని. చివరికి పాలబ్బాయి చేత, ఇస్త్రీ అతని చేత పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తించాను. మీ మామయ్య నవ్వేవారు, వీడికేమైనా పెళ్ళిచూపులా అని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు మా వీధిలోకి వచ్చింది కదా. కింద వాటా మునిగి పైన డాబా మీద ఉన్నాం. మూడో రోజు పడవ వచ్చింది. ఆరెంజి జాకెట్లు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, మనుషుల్ని ఎక్కించుకుంటాం గానీ కుక్కని ఎక్కించం అన్నారు. "ఒక్కసారి ఎత్తి చూడు నాయనా" అన్నాను. ఆ అబ్బాయి భయపడుతూనే పొట్ట కింద చెయ్యి వేశాడు. నల్లోడు గాల్లో నాలుగు కాళ్ళూ వేలాడేసి, తినడానికి ఏమన్నా ఉందా అన్నట్టు వాడి జేబు వాసన చూశాడు. పక్క డాబా మీద పెద్ద జాతికుక్క ఉంది, బెల్టు పట్టుకోబోతే మీదికొచ్చింది. దాని యజమాని దాన్ని వదిలి రాలేక నీళ్ళు తీసేదాకా పొట్లాల అన్నం తింటూ అక్కడే ఉండిపోయాడు. "షేక్ హ్యాండ్ ఎప్పుడు నేర్పాలత్తా" అని అడిగావు చూడు, అది వచ్చే ఏడాది నేర్పినా ఫర్వాలేదు.

అది ఎప్పుడైనా గిన్నె దగ్గర గుర్రుమంటే కొట్టకు. గుర్రుమనడం దాని మర్యాద, "నాకు ఇబ్బందిగా ఉంది, ఆగు" అని చెప్పడం. కొట్టి ఆ నోరు మూయిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది. అది తింటున్నప్పుడు పక్కగా నడిచి, గిన్నెలో ఇంకో మంచి ముక్క పడేసి వెళ్ళిపో. చేతులు దగ్గరికి వస్తే పెరుగుతుందే గానీ తగ్గదని తెలుసుకుంటుంది. ఎవరో ట్రైనర్ నెలకింత అని అడిగాడన్నావు. ముందు అతని చేతిలో ఏముందో చూడు. కర్ర, మెడకి బిగిసే గొలుసు ఉంటే గుమ్మంలోంచే నమస్కారం పెట్టి పంపించు.

ఒంటరిగా ఉండడం కూడా ఇప్పుడే నేర్పాలి. చెత్తబుట్ట బయట పెట్టేంతసేపు, తర్వాత కింద నుంచి కూరలు తెచ్చేంతసేపు. వెళ్ళేటప్పుడు కావలింతలు, వచ్చాక కన్నీళ్ళు వద్దు.

ఇక వదినగారి సంగతి, అదే మీ అత్తగారి సంగతి. ఆవిడకి కుక్క మీద కోపం లేదు, మడి చెడుతుందని బెంగ. దేవుడి గది గుమ్మానికి బుడ్డోడి చిన్నప్పటి అడ్డుగేటు పెట్టించు. రెండు పూటలా గిన్నె పెట్టే పని ఆవిడకే అప్పగించు. గిన్నె పైకి ఎత్తి పట్టుకుంటే అది తల ఎత్తి చూస్తూ దానంతటదే కూలబడుతుంది, అప్పుడు "కూర్చో" అని దించమను. నాలుగు రోజుల్లో ఆవిడ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు, చూస్తూ ఉండు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ప్రసాదంలో కిస్‌మిస్, ఉడికించిన కోడి ఎముక, ఇవి మాత్రం పెట్టొద్దని ఆవిడకి నేనే చెబుతాను, నువ్వు చెబితే గొడవ.

నట్టల మందు డాక్టరు రాసిచ్చిన తేదీలకి తప్పకుండా పట్టించు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయించి, తర్వాత ఏటా వేయించాలి. జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చిన రోజు అది. మీ వీధి కుక్కలకి కూడా వేయిస్తే లక్కీకే మేలు. ఎండాకాలంలో నీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద పెట్టి చూడు, ఏడు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వస్తే ఆ పూట వాకింగ్ లేదు.

ఆదివారం పొద్దున బస్సులో వస్తున్నాను. గొడుగు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వస్తాను, కావాలనే. తలుపు దగ్గర డబ్బాలో గింజలు పెట్టుకుని ఉండు. అది నా చీర మీదికి ఎగిరినంతసేపూ నేను పైకప్పు వంక చూస్తూ నిలబడతాను, నాలుగు కాళ్ళూ నేల మీద ఆనాకే పలకరిస్తాను, దాన్నయినా మిమ్మల్నయినా. వదినగారికి ముందే చెప్పి పెట్టు, లేకపోతే నాకేదో కోపం వచ్చిందనుకుంటారు.

ఆశీస్సులతో,
మీ మేనత్త