థింసా నర్తకి బొమ్మ మైనంలో ఆడుతుంది, పోత పోశాక ఆగిపోతుంది. ఎందుకు?

అడిగినవారి ఇబ్బంది క్లుప్తంగా: ఒడిశాలోని రాయగడ దగ్గర డోక్రా పని (మట్టి ముద్ద మీద మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే విద్య) నేర్చుకుంటూ, ఆదివాసీ ఆడవాళ్ళు వరసగా ఆడే థింసా నర్తకి బొమ్మ 25 సెంటీమీటర్ల ఎత్తులో చేశారు. పోత అయ్యాక చూస్తే ఆడుతున్నట్టు లేదు, ముఖంలో కళ లేదు, పైగా బరువు మోసే కాలు చీలమండ దగ్గర చిట్లింది.

మీరు వీటిని మూడు తప్పులుగా చూస్తున్నారు గానీ, ముందు ఒళ్ళు బరువు ఎటు పోతోందో తేల్చుకోండి. మొదటి రెండూ అక్కడే తేలతాయి, మూడోది సగం తేలుతుంది.

మెడ కింద గుంట దగ్గర దారం ఆనించి, చివర చిన్న సీసపు గుండు కట్టి వదలండి. ఒడిస్సీ నాట్యంలోని త్రిభంగిలో (మెడ, నడుం, మోకాలు మూడు చోట్లా వంగిన భంగిమ) ఆ దారం బరువు మోసే పాదం మీదికి వస్తుంది. చౌకలో (మోకాళ్ళు రెండు పక్కలకీ వంచి చతురస్రంగా నిలబడే భంగిమ) రెండు పాదాలకీ సరిగ్గా నడుమ పడుతుంది. రెండూ అందమైన భంగిమలే, కానీ రెండూ నిలకడవి. కోణార్క నాటమందిరం రాతి బొమ్మలు చూసి అచ్చం అలాగే మైనంలో దించేవాళ్ళకి ఎదురయ్యే చిక్కు ఇదే: అక్కడ గోడ నిండా వరసగా ఉన్న బొమ్మలు ఒకదాని కదలికని ఇంకొకటి అందుకుంటాయి, మీ బొమ్మ పీట మీద ఒంటరి. అడుగు వేస్తున్న మనిషికి దారం పాదం దాటి పడాలి. మీ ఎత్తు బొమ్మకి 8 నుంచి 12 మిల్లీమీటర్లు ముందుకో పక్కకో జరిగితే చాలు. 20 దాటిందంటే ఆడుతున్నట్టు కాదు, తూలుతున్నట్టు ఉంటుంది.

ఏ క్షణాన్ని పట్టుకోవాలన్నది తర్వాతి మాట. కాలు బాగా పైకెత్తినప్పుడు పట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడే కదలిక చచ్చిపోతుంది, ఎందుకంటే ఆ చివర కాలు నిజంగానే ఒక్క లిప్త ఆగుతుంది. థింసాలో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, వంగుతూ లేస్తూ అడుగు మారుస్తారు కదా, ఆ మారే చోటు పట్టుకోండి: వెనక పాదం మడమ లేచి వేళ్ళు నేలని నొక్కుతున్నాయి, ముందు పాదం ఇంకా పూర్తిగా ఆనలేదు. చూసేవాడి కన్ను మిగతా అడుగు తనే పూర్తి చేసుకుంటుంది. భుజాల గీత ఒక వాలు, తుంటి గీత దానికి ఎదురు వాలు ఉండాలి. రెండూ సమాంతరంగా ఉంటే ఎన్ని చేతులు చాచినా కట్టెబొమ్మే. వరస మొత్తం చేస్తుంటే అందరి మోకాళ్ళూ ఒకే వంపులో పెట్టకండి. ఒక చివర నుంచి ఇంకో చివరకి వంపు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే వరసలో అల పాకుతుంది.

డోక్రాకి ఉన్న అసలు బలం మైనపు తీగ. దాన్ని చాలామంది నగలకి, జడకి వాడి వదిలేస్తారు. ఒంటి మీద తీగని అడ్డంగా చుట్టారా, ఆ నడుం ఎంత వంచినా నిలువు స్తంభంలా కనిపిస్తుంది. ఎడమ భుజం నుంచి కుడి తుంటికి ఏటవాలుగా, ఒళ్ళు తిరిగే దిక్కుకే పరచండి. సాగే పక్క తీగలు ఎడంగా, ముడుచుకునే పక్క దగ్గర దగ్గరగా ఉండాలి. ఇదొక్కటి మారిస్తే బొమ్మ మారిపోతుంది. చీర కొంగు, చెవి లోలకులు, కొప్పులో పూలు ఒంటి కంటే ఆలస్యంగా కదులుతాయి కాబట్టి అవి ఒళ్ళు వెళ్తున్న వైపు కాక, వదిలొచ్చిన వైపు వాలాలి. మధ్యలో ఒక పరీక్ష చెయ్యండి: చీకటి గదిలో బొమ్మ వెనక దీపం పెట్టి గోడ మీద నీడ చూడండి. నీడలో ఆట కనిపించకపోతే తీగ పని మొదలుపెట్టకండి, నగిషీ దాన్ని కాపాడలేదు.

ఇక ముఖం. 25 సెంటీమీటర్ల బొమ్మలో తల మూడున్నరకి మించదు, కన్ను మూడు నాలుగు మిల్లీమీటర్లు. అందులో కనుబొమ్మ, రెప్ప, గుడ్డు, కాటుక అన్నీ పెడితే పోతలో అంతా కలిసి ముద్దవుతుంది. రెప్పల మధ్య ఒక్క గీత చాలు. భావం మెడలో, గడ్డంలో, వీపులో పెట్టండి. మొహంజొదారో కంచు అమ్మాయినే చూడండి, 10.5 సెంటీమీటర్లు, 1926లో దొరికింది, ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. నర్తకి అంటున్నాం గానీ ఆమె ఆడటం లేదు, చెయ్యి నడుం మీద వేసి నిలబడింది. ఆ పొగరంతా వెనక్కి వాలిన తలలో, కొద్దిగా ఎత్తిన గడ్డంలో ఉంది. 1881లో ఫ్రెంచి కళాకారుడు దెగా ప్రదర్శించిన మైనపు బాల నర్తకి కూడా అంతే: చేతులు వెనక్కి, మోర పైకి, అడుగు ఆగి ఉంది (ఆ బొమ్మని కంచులో పోసింది ఆయన పోయాకే). చెయ్యి వెళ్ళిన వైపు చూపు వెళ్ళాలని నాట్యం నేర్చినవాళ్ళందరికీ తెలుసు. శిల్పంలో దాన్ని పాటిస్తే ఉత్సాహం, చెయ్యి ఒక దిక్కు పోతుంటే తల వేరే దిక్కు తిప్పితే బిడియమో ఎడబాటో కనిపిస్తుంది. థింసా వరసలో ఒక్క అమ్మాయి తల తిప్పండి చాలు, అందరి తలలూ తిప్పితే ఆ ప్రభావం పోతుంది.

వేళ్ళు విడివిడిగా చెయ్యకండి. విచ్చుకున్న తామరలా వేళ్ళు చాచే అలపద్మం లాంటి ముద్రని రెండు ముద్దలుగా పోసుకుని, తర్వాత సన్న రంపంతో, ఆకురాయితో విడదీయడమే నయం.

చీలమండ సంగతి. ఈ ఎత్తు బొమ్మకి మనిషి కొలత ప్రకారమే చీలమండ 10 మిల్లీమీటర్లు రావాలి. నాజూకు కోసం ఆరుకి దించుతారు. కాలు సన్నం, దాని పైన పిక్క, తొడ లావు: సన్నది ముందు గట్టిపడుతుంది, లావుది ఆరుతూ కుంచించుకుని దాన్ని లాగుతుంది, చిట్లుతుంది. మొహంజొదారో అమ్మాయికి కూడా పాదాలు మిగల్లేదని గుర్తుంచుకోండి. పరిష్కారం నర్తకి దగ్గరే ఉంది: గజ్జెలు. చీలమండ చుట్టూ రెండు మూడు వరసల గజ్జెలు చుడితే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం వస్తుంది, అందం పోదు. కుచ్చిళ్ళ చివర పీటకి తాకేలా చేస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. చాలా నటరాజ విగ్రహాల్లో ఎగిరే జటలు చుట్టూ ఉన్న ప్రభని తాకి ఉంటాయి, అది అందానికీ పనికొచ్చింది, బలానికీ పనికొచ్చింది.

అచ్చుని తలకిందులుగా పెట్టి, పీట వైపు నుంచి పొయ్యండి. మడ్డి (కరిగిన లోహంలోని మలినం), గాలి పైకి తేలతాయి, ముఖం ఉన్న అడుగు భాగంలో లోహం చిక్కగా కూర్చుంటుంది. తలకిందులు చేసినప్పుడు ఏ భాగాలు పైకి తిరుగుతాయో ముందే చూసుకోండి. వేలాడే చెయ్యి, జారిన కొంగు అచ్చులో పైకి లేచిన కొమ్మలవుతాయి, గాలి అక్కడ ఇరుక్కుంటుంది. పొట్టు కలిపిన మట్టి కొంత గాలిని వదులుతుంది గానీ నర్తకి చేతులకి అది చాలదు. అలాంటి ప్రతి చివర నుంచి 2, 3 మిల్లీమీటర్ల మైనపు తీగతో బయటికి దారి పెట్టండి. లోపలి మట్టి ముద్ద అన్ని వైపులా మైనంతో మూసుకుపోతే, మైనం కరిగాక అది పక్కకి జరుగుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి నాలుగైదు ఇనుప మేకులు గుచ్చాలి. మొదటి పూత మెత్తగా జల్లించిన పుట్టమన్ను, పలచగా, నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే బీటలు వేస్తుంది, ఆ బీటలు ముఖం మీద గీతలుగా దిగుతాయి.

మైనంలో బాగున్న చెయ్యి పోతలో కిందికి దిగిందంటే తప్పు కొలిమిది కాకపోవచ్చు. తేనె మైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ మన వైపు వైశాఖం ఎండలకి అంతకు చాలా ముందే మెత్తబడి జారుతుంది. ఎండాకాలం గుగ్గిలం పాలు పెంచి నూనె తగ్గించండి, రాత్రి బొమ్మని చల్లటి నీళ్ళ తొట్టిలో ఉంచండి, మట్టి వేసే ముందు దారం గుండు మళ్ళీ వదిలి చూసుకోండి.

లోహం లెక్క: మైనం బరువుకి ఇత్తడి, కంచు దాదాపు తొమ్మిది రెట్లు పడుతుంది. పోత గొట్టాలకి వాడిన మైనం కూడా ఈ తూకంలో కలపాలి, పైన కొంత అదనం ఉంచుకోవాలి. పోత మధ్యలో చాలక ఆపి మళ్ళీ పోస్తే ఆ గీత దగ్గర అతకదు. బొమ్మకి రాగి 90, తగరం 10 పాళ్ళు మంచివి. విరిగిన కంచు కంచాలు మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేసే అలవాటుంటే మానండి. ఆ పళ్ళేల్లో తగరం 22 శాతం దాకా ఉంటుంది, గంటకి బాగుంటుంది, చీలమండకి పెళుసు. మీ కాలు చిట్లడానికి ఇది కూడా కారణం కావచ్చు, తుక్కు ఎక్కడిదో చూడండి. ఇత్తడి అయితే మరీ కాగనివ్వకండి: అందులోని యశదం (జింకు) 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగై పోతుంది, పోతలో గుంటలు పడతాయి, పీల్చినవాళ్ళకి సాయంత్రానికి చలిజ్వరం. ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా పొయ్యండి.

చివర బొమ్మంతా తళతళలాడేలా రుద్దకండి. చింతపండుతో మసి వదిలించి, ఆకురాయితో అతుకులు తీశాక, ఆడేటప్పుడు ముందుకొచ్చే చోట్లు మాత్రం (మోకాలు, మోచెయ్యి, తుంటి, నుదురు) మెరిసేలా రుద్ది, నడుం మడతలు, కొంగు లోతులు నల్లగానే వదిలెయ్యండి.