వీఆర్ హెడ్‌సెట్ కొనొచ్చా? ముందు క్రెడిట్ కార్డు సంగతి చూడండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 46,000 వస్తుంది. ఇంటద్దె 11,000, బండి ఈఎంఐ 3,600, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000 పంపుతాను. క్రెడిట్ కార్డు మీద 22,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను. ఇంట్లో పీఎస్5 (సోనీ వాళ్ల గేమ్ కన్సోల్) ఉంది. స్నేహితుడింట్లో ఓసారి వీఆర్ గేమ్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆటలోకంలోనే ఉన్నట్టు ఆడేది) ఆడినప్పటి నుంచి మనసంతా దాని మీదే. దానికి తగిలించే సోనీ హెడ్‌సెట్ ప్లేస్టేషన్ వీఆర్2ను నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా, సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తున్న మా బావగారితో మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3ఎస్ తెప్పించుకోనా? మా ఆవిడ రెండూ వద్దంటోంది. – ఒక పాఠకుడు

జవాబు: ఈ విడతకు మీ ఆవిడ మాటే వినండి. ఆటల మీద ఖర్చు తప్పని నేననను. సినిమాలకూ హోటళ్లకూ పెట్టే డబ్బులాంటిదే ఇదీ. ఇబ్బందల్లా మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన కార్డు బాకీతోనే.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. 22,000 మీద 770, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే 900 దాటుతుంది. మినిమం డ్యూ 5 శాతం, అంటే 1,100 కడుతుంటే అసలులో తగ్గేది 200 లోపే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీర్చనంతకాలం కొత్తగా గీకిన వాటికి ఆ నలభై యాభై రోజుల వడ్డీలేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. నిన్న కొన్న కూరగాయల మీద కూడా మీరిప్పుడు వడ్డీ కడుతున్నట్టే.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. ఇలాంటి జీరో వడ్డీ పథకాలు వద్దని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. వీఆర్2 మన దేశంలోకి 2023 చివర్లో 57,990కి వచ్చింది. ఆ ధరను 12 నెలలకు, 16 శాతం వడ్డీతో వేస్తే వడ్డీ భాగం 4,700 పైనే. దాని మీద జీఎస్‌టీ సుమారు 850, ప్రాసెసింగ్ ఫీజు వేరు. కాస్ట్ లేదన్న దానికి వెయ్యి రూపాయల పైచిలుకు కాస్ట్. అది పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ ఏడాది పాటు నెలకు 4,800 ఇరుక్కుపోతే 22,000 బాకీ ఎప్పటికి తీరేను? పైగా అది వైరుతో పీఎస్5కో, విడిగా అడాప్టర్ కొని కంప్యూటరుకో తగిలించుకుంటేనే పనిచేసే సామాను. మొదటి తరం ప్లేస్టేషన్ వీఆర్ ఆటలు దీంట్లో నడవవు కూడా. రేపు మూడోది వస్తే మీరు కొన్న ఆటల గతేమిటో మీరే ఊహించుకోండి.

క్వెస్ట్ 3ఎస్ చవక, కన్సోల్ అక్కర్లేదు, వైరూ ఉండదు. 2024 అక్టోబరులో అమెరికాలో 299.99 డాలర్లకు వచ్చింది, ఆ ధరతోనే లెక్కేద్దాం. అక్కడ ధర చీటీలో పన్ను కలపరు. డల్లాస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. అంటే బిల్లు దాదాపు 325 డాలర్లు. డాలరు 88 అనుకుంటే 28,600. 25 డాలర్ల చొప్పున మూడు ఆటలకు 6,600. తలకు సరిగ్గా నిలిచే పట్టీ, కళ్లజోడుంటే పవర్ లెన్సులు కలిపి 4,000. మొత్తం 39,000 పైనే. పాడైతే బాగుచేయించడానికి మళ్లీ డల్లాస్ వైపే చూడాలి.

ఇంత పెట్టి కొన్నది గిట్టుబాటా కాదా అన్నది ధర చూస్తే తెలియదు, తలకు పెట్టుకున్న గంటలు చూస్తే తెలుస్తుంది. రెండేళ్లపాటు వారానికి నాలుగు గంటలు ఆడితే గంటకు 94 రూపాయలు. బ్రహ్మాండం, మల్టీప్లెక్స్ కన్నా నయం. వారానికి గంటే ఆడితే 375. రెండు నెలలు వారానికి నాలుగు గంటలు ఊపుగా ఆడి అటకెక్కిస్తే గంటకు 1,100. మాల్‌లో పది నిమిషాల ఆటకు 200 తీసుకుంటే పడేదీ దాదాపు అంతే. అక్కడైతే పెట్టె ఇంట్లో పెట్టుకునే బాధ ఉండదు.

మామూలుగా ఆడుకునేవాళ్లలో మూడోరకమే ఎక్కువని నా అనుమానం, దానికి కారణాలూ ఉన్నాయి. నిలబడి ఆడే ఆటలకు ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు ఖాళీ జాగా కావాలి. మీ హాల్లో టీపాయ్, దివాన్ పక్కకు జరిపి టేపుతో కొలవండి, ఫ్యాను ఎత్తు కూడా చూసుకోండి. రోజూ సామాను జరిపి ఆడే ఓపిక ఎన్నాళ్లుంటుంది? మే నెల బెజవాడ ఎండల్లో అరకిలో బరువు మొహానికి బిగించుకుని చేతులాడిస్తే లెన్సుల మీద చెమటే. బ్యాటరీ రెండు, రెండున్నర గంటలు వస్తుంది, కానీ అంతసేపు ఉంచుకోవడమే కష్టం. కంటికి కదలిక కనబడుతూ ఒళ్లు కదలకపోతే కొందరికి కడుపులో తిప్పుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతులయ్యే అలవాటు మీకుంటే జాగ్రత్త. నిలబడిన చోటే కత్తులు ఊపే బీట్ సేబర్ లాంటివి ఇబ్బంది పెట్టవు గానీ, పరుగులు తీసే ఆటలతో వస్తుంది చిక్కు. స్నేహితుడింట్లో ఆడిన ఆ కాసేపట్లో ఇవేవీ తెలియవు.

తయారుచేసే కంపెనీకే ఇందులో లాభం కనబడట్లేదు. మెటాలో హెడ్‌సెట్లు చూసే విభాగానికి 2024 ఒక్క ఏడాదిలోనే 1,770 కోట్ల డాలర్ల నష్టం. కనిపెట్టుకుని కూర్చుంటే ఇంకా మంచివి, చవకవి రావచ్చు, లేదా కంపెనీ దృష్టే మరోవైపు మళ్లొచ్చు. రెండింట్లో ఏది జరిగినా తొందరపడ్డవాళ్లకే నష్టం.

కాబట్టి నెలకు 8,000 చొప్పున మూడు నెలలు కార్డుకు కట్టి బాకీ తుడిచేయండి. ఇంటి ఖర్చులకు మిగిలే 23,400లోంచి అది తీయడం కష్టమే, కానీ మూడు నెలలే. తర్వాత అదే డబ్బులో సగం ఆర్‌డీలో వేయండి. నెలకు 4,000, 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 49,700 దాకా చేతికొస్తుంది. మిగతా సగం అత్యవసర నిధికి. ఏడాది తర్వాత కూడా మనసు అటే లాగితే నగదు పెట్టి కొనండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఈలోగా బావగారికి ఒక ఫోన్ కొట్టండి. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో బొమ్మల అరలో పడి ఉన్న పాత క్వెస్ట్ 2లు తక్కువేమీ కాదు. ఆయన దగ్గరో, ఆయన స్నేహితుల దగ్గరో ఒకటి దొరికితే అదే తెమ్మనండి. కొత్త ఆటల్లో కొన్ని దాంట్లో రావు, మీ సరదా ఎన్నాళ్లుంటుందో తేల్చుకోవడానికి మాత్రం బాగా సరిపోతుంది. బయల్దేరే ముందు తన ఖాతా నుంచి తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయమనండి. రెండు కంట్రోలర్లూ ఉన్నాయో లేదో చూసుకోమనండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కనుక చెక్‌ఇన్ పెట్టెలో వేయకుండా చేతి సంచిలో తెచ్చుకోమని చెప్పడం మర్చిపోకండి.