హెక్సిడిన్ సీసాలు రాని రోజుల్లో

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మందుల షాపుకి హెక్సిడిన్, అదే నోరు పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మందు, నువ్వు అడిగినదాంట్లో పావువంతు కూడా స్టాకిస్టు పంపడం లేదనీ, పళ్ళ డాక్టరు చీటీ పట్టుకొచ్చేవాళ్ళకి ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశావు. ముందు ఉన్న సీసాలు ఎవరికో తేల్చుకో. క్లోర్‌హెక్సిడిన్ అసలు అవసరం బ్రష్ పెట్టలేని నోటికి. చిగుళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళూ, దవడ విరిగి తీగలు కట్టించుకున్నవాళ్ళూ వస్తే లేదనకూడదు, వాళ్ళకని కొన్ని సీసాలు లోపల పెట్టు. నోటి వాసన పోవడానికని నెలల తరబడి పుక్కిలించేవాళ్ళకి ఇప్పుడు ఇవ్వకపోయినా నష్టం లేదు. వాళ్ళకి కావలసింది గార తీయించుకోవడం. రెండు మూడు వారాలు దాటి వాడితే పళ్ళకి గోధుమరంగు మరక పడుతుంది, నాలుకకి రుచి తెలియదు. టీ తాగేవాళ్ళకి ఆ మరక మరీ ఎక్కువ.

తర్వాత లెక్క. 0.2 శాతం మందు పూటకి 10 మి.లీ., రోజుకి రెండు పూటలు. వారానికి 140 మి.లీ. అవుతుంది. 160 మి.లీ. సీసా ఒక్కటి వారం కోర్సుకి చాలు. చీటీలో రెండు రాసి ఉంటే ఎన్ని రోజులకని డాక్టరుని ఫోన్‌లో అడుగు. 0.2 దొరక్క 0.12 శాతం దొరికితే అది పూటకి 15 మి.లీ. కొలవాలి. మొదటిదాంట్లో 20 మిల్లీగ్రాముల మందు పడుతుంది, రెండోదాంట్లో 18. తేడా దాదాపు లేనట్టే. ఆర్డరు పెట్టేటప్పుడు కంపెనీ పేరు పట్టుకు కూర్చోకుండా మందు పేరు చెప్పి రాజమండ్రి, కాకినాడ స్టాకిస్టులనీ అడుగు. బిల్లు లేని సరుకు, సీలు ఊడిన సీసా ఎంత చవకైనా వద్దు.

ఉన్న మందు బాగా పనిచేసేలా ఎలా వాడాలో కూడా చెప్పి పంపాలి. ఇది పళ్ళకీ చిగుళ్ళకీ అంటుకుని గంటల తరబడి మెల్లగా పనిచేస్తుంది. టూత్‌పేస్టులో నురగ తెప్పించే పదార్థం దీన్ని పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. అందుకని పేస్టుతో తోముకున్నాక నోరు బాగా కడుక్కుని, అరగంట ఆగి పుక్కిలించాలి. అర నిమిషం నుంచి నిమిషం నోట్లో తిప్పి ఉమ్మెయ్యాలి, వెంటనే నీళ్ళతో కడగకూడదు, అరగంట టీ, తమలపాకు ఏదీ వద్దు. ఈ మాట చెప్పకపోతే సగం సీసా వృథాయే.

ఇక నాకు అన్నిటికంటే భయం వేసేది నీ బీరువాలో పక్కపక్కనే ఉండే సీసాలు. 0.2 చదవాల్సిన చోట 2 శాతం చదివితే పది రెట్లు ఘాటు, అది ఆపరేషన్‌కి ముందు చర్మానికి రాసేది. చేతులకి రాసుకునే దాంట్లోనూ క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది, ఎక్కువగా స్పిరిటుతో కలిపి. శావ్లాన్‌లోనూ ఉంటుంది. "అదే మందు కదండీ, నీళ్ళు కలిపి పుక్కిలిస్తాం" అని ఎవరన్నా అంటే గట్టిగా వద్దను. అయోడిన్ ఉండే బెటాడిన్ కూడా అంతే: నోటికి 2 శాతం గార్గిల్ ఒక్కటే, అంతే నీళ్ళు కలిపి. 5, 10 శాతం ద్రావణాలు పుండ్లకి, 7.5 శాతం స్క్రబ్ సబ్బు. థైరాయిడ్ ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, అయోడిన్ పడనివాళ్ళకీ గార్గిల్ కూడా డాక్టరుని అడగకుండా ఇవ్వకు. మిగతావాళ్ళయినా రెండు వారాలు దాటనివ్వకు.

ఎక్కువమందికి సరిపోయేది ఉప్పునీళ్ళే, కానీ కొలత చెప్పాలి. గ్లాసు, అంటే 250 మి.లీ. గోరువెచ్చని నీళ్ళలో సన్న ఉప్పు అర చెంచా, మందు చెంచాతో. కల్లుప్పయితే పూర్తిగా కరిగేదాకా ఆగి, గుడ్డలో వడకట్టాలి. కరగని పలుకు కుట్లకి గుచ్చుకుంటుంది. మన వైపు వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక చెరువు నీళ్ళు అడుగంటుతాయి. అందుకని ఉప్పు కలిపేవి మరిగించి చల్లార్చిన నీళ్ళే అయ్యుండాలి. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు అప్పటికే ఉప్పగా ఉన్నాయని వాటితోనే కానిచ్చేస్తారు, కూడదు. ఏ పూట కలిపింది ఆ పూటే వాడాలి.

పన్ను పీకించుకున్నవాళ్ళకి మొదటి 24 గంటలు ఏదీ పుక్కిలించవద్దని చెప్పు. ఉప్పునీళ్ళూ వద్దు. గుంటలో గడ్డకట్టిన నెత్తురే మూత. గట్టిగా పుక్కిలిస్తే అది ఊడి ఎముక బయటపడుతుంది, రెండు మూడు రోజులకి చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. "ఆయ్, అలాగేనండి" అనేసి ఇంటికెళ్ళగానే పుక్కిలించేవాళ్ళున్నారు, అందుకని కవరు మీద రాసివ్వు. మర్నాటి నుంచి తిన్న ప్రతిసారీ నీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, వాటంతటవే జారిపోనివ్వాలి.

కేన్సర్ వైద్యంలో నోరు పూసినవాళ్ళకి లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా. వంటసోడా అని రెండుసార్లు చెప్పు. చాకలి సోడా నోరు కాల్చేస్తుంది.

మంచం పట్టిన పెద్దవాళ్ళ కోసం వచ్చే ఇంటివాళ్ళకి మెత్తని బ్రష్ అమ్ము. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి సైతం క్లోర్‌హెక్సిడిన్ కంటే బ్రష్‌తో తోమడమే మేలని అమెరికా ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నిపుణులు 2022లో మార్గదర్శకాలు మార్చారు. తల ఎత్తి, ఒక పక్కకి తిప్పి, కొంచెం కొంచెం తడితో తోమాలి. వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నోరు తెరుచుకోక, దవడ కింద గట్టిగా వాచి, జ్వరంతోనో మింగలేకనో వచ్చినవాళ్ళని మాత్రం ఏ సీసా గురించీ మాట్లాడకుండా అదే పూట కాకినాడ పెద్దాసుపత్రికి పంపెయ్.

మావయ్య