అమెరికా అంతర్యుద్ధం: ఫ్యాక్టరీలకూ పొలాలకూ మధ్య గొడవేనా?

అడిగిన ప్రశ్న ఇది: "ఉత్తరాన పరిశ్రమలు, దక్షిణాన వ్యవసాయం, అందుకే అంతర్యుద్ధం అని గైడుల్లో ఉంటుంది. నిజంగా అంతేనా? బానిసత్వం, దిగుమతి సుంకాల పాత్ర ఎంత?"

బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామంటే, కుదరదన్న ఉత్తరాదితో 1861 నుంచి 1865 దాకా జరిగిన యుద్ధమిది. గైడు జవాబు సగమే నిజం. 1860 నాటికి ఉత్తరాదిలోనూ పనిచేసేవాళ్లలో నూటికి నలభై మంది దాకా పొలాల మీదే బతికేవారు. కాబట్టి రెండు వైపులా ఏ పంట వేశారు, ఆ పనికి మనుషుల్ని ఎలా తెచ్చారు అన్న దగ్గర మొదలుపెట్టాలి.

ఒహాయో, ఇల్లినాయిస్ రైతు ప్రధాన పంట గోధుమ, మొక్కజొన్న. గోధుమ విత్తాక నెలల తరబడి పెద్దగా పని ఉండదు. కోతకొచ్చాక మాత్రం రెండు వారాల్లో కోసెయ్యాలి, లేకపోతే గింజ రాలిపోతుంది. ఆ పదిహేను రోజుల కోసం ఏడాది పొడుగునా మనుషుల్ని కొని పోషించడం గిట్టదు. ఇంటిల్లిపాదీ, నలుగురు కూలీలు, దొరికితే ఒక కోత యంత్రం, అంతే. మెక్‌కార్మిక్ 1847లో షికాగోలో కోత యంత్రాల ఫ్యాక్టరీ పెట్టింది ఈ గిరాకీ చూసే.

పత్తి సంగతి మన గుంటూరు, వరంగల్ రైతుకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో విత్తడం, ఒత్తు మొక్కలు పీకడం, జూలై దాకా కలుపు. ఆగస్టు చివర కాయ పగలడం మొదలవుతుంది, అదీ అన్నీ ఒకేసారి పగలవు. అదే చేను మూడు నాలుగు సార్లు తిరిగి ఏరాలి, క్రిస్మస్ దాటేదాకా. మధ్యలో ఖాళీ దొరికితే తిండికి మొక్కజొన్న పని. పత్తి ఏరే యంత్రం 1940ల దాకా పెద్దగా వాడుకలోకి రాలేదు. ఆడవాళ్లు, పిల్లలు కూడా చేయగల పని కాబట్టి యజమాని అందరినీ చేలోకి దింపేవాడు. పైగా పత్తికి మంచు పడని రోజులు సుమారు 200 కావాలి, అంటే వర్జీనియా దక్షిణపు అంచు దాటి పైకి పోదు.

మరి గింజ తీసే యంత్రం వస్తే కూలీల అవసరం తగ్గాలి కదా? చాలామంది తడబడేది ఇక్కడే. సముద్రపు ఒడ్డు దీవుల్లో పండే పొడుగు పింజ పత్తి గింజ నున్నగా ఉంటుంది, రెండు రోలర్ల మధ్య నొక్కితే ఊడిపోతుంది. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ. గింజకు దూది అంటుకుని వదలదు. చేత్తో ఒలిస్తే రోజుకు ఒక్క పౌను దూది రావడం గగనం. 1793లో ఎలై విట్నీ చేసిన యంత్రంలో తీగ పళ్లున్న డ్రమ్ము, గింజ పట్టని సన్నటి సందుల్లోంచి దూదిని లాగేస్తుంది, వెనక బ్రష్షు దాన్ని దులుపుతుంది. చేత్తో తిప్పినా రోజుకు 50 పౌన్లు. గింజ తీసే కష్టం పోయింది, విత్తే, ఏరే కష్టం అలాగే మిగిలింది. ఇక ఎంత పండించినా అమ్ముడుపోతుంది కాబట్టి మనుషుల గిరాకీ పెరిగింది. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860కి 39.5 లక్షలయ్యారు.

1808 నుంచి విదేశాల నుంచి బానిసల దిగుమతి నిషేధం. అందుకే పొగాకుతో నేల సారం పోయిన వర్జీనియా, మేరీలాండ్ యజమానులు తమ దగ్గరి మనుషుల్నే అలబామా, మిసిసిపీ వైపు అమ్మడం మొదలెట్టారు. అంతర్యుద్ధం నాటికి అలా సుమారు పది లక్షల మందిని, తల్లీబిడ్డల్ని విడదీసి మరీ, తరలించారు. పత్తి పండించకుండానే పత్తి లాభం తినడమంటే ఇదే. అలబామా మధ్యలో మన నల్లరేగడిని తలపించే జిగురు నేల ఉంది. బానిసలు అత్యధికంగా ఉన్న జిల్లాలు ఆ పట్టీ మీదే కనిపిస్తాయి.

అలాగని "వాతావరణమే బానిసత్వాన్ని నిర్ణయించింది" అని రాయకండి. న్యూయార్క్‌లో 1827 దాకా బానిసత్వం ఉంది. వర్జీనియా రిచ్‌మండ్‌లోని ట్రెడెగర్ ఇనుప కార్ఖానాలో బానిసలు పనిచేశారు. ఇంకా గట్టి రుజువు ఒహాయో నది. రెండు ఒడ్లదీ దాదాపు ఒకటే నేల, ఒకటే వాన. దక్షిణ ఒడ్డున కెంటకీలో 1860లో 2.25 లక్షల మంది బానిసలు, ఉత్తర ఒడ్డున ఒక్కరూ లేరు. కారణం 1787 నాటి ఆర్డినెన్సు: నదికి ఉత్తరాన బానిసత్వం చెల్లదంది. పంట దారి చూపింది, చట్టం గీత గీసింది.

ఉత్తరాది చేతులు కడిగేసుకోవడానికీ లేదు. మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లులు నడిచింది దక్షిణాది పత్తితో, బేళ్ల మీద అప్పులిచ్చింది న్యూయార్క్ వ్యాపారులు. బానిసలకు వేసే ముతక బట్ట రోడ్ ఐలాండ్ మిల్లుల్లో నేసేవారు. వ్యాపారంలో ఇంత పొత్తుంటే తగువెక్కడ? కొత్త భూముల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్న దగ్గర. కొత్త రాష్ట్రం చేరితే సెనేట్‌లో రెండు సీట్లు, అవి ఏ వైపు పడతాయన్నదే పోటీ. అందుకే 1820 మిస్సోరీ ఒప్పందం, మెక్సికో నుంచి లాక్కున్న నేల మీద 1850 రాజీ, 1854 కాన్సాస్ చట్టం, ప్రతిసారీ అదే పేచీ. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలన్న 1850 పరారీ చట్టం కింద, పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, వదిలేస్తే 5. ఈ రేటు చూశాకే ఉత్తరాదిలో చాలామందికి ఒళ్లు మండింది.

సుంకాల వాదం తేదీల దగ్గరే వీగిపోతుంది. 1832లో దక్షిణ కరోలినా సుంకం మీద తిరగబడ్డ మాట నిజమే. కానీ 1857 నాటికి సుంకాలు బాగా తగ్గాయి. మళ్లీ పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చి 2న వచ్చింది, అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. ఆ ఏడింటి జనాభాలో బానిసలు దాదాపు 47 శాతం. యుద్ధం మొదలయ్యాక వెళ్లిన నాలుగింటిలో సుమారు 29. బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే (విడిపోని అమెరికాలోనే) ఉండిపోయిన నాలుగింటిలో 13 లేదా 14. పత్తి పండని తూర్పు టెన్నెసీ కొండ ప్రాంతం విడిపోవడానికే ఒప్పుకోలేదు. మిసిసిపీ తన ప్రకటనలో మా స్థితి బానిసత్వంతో ముడిపడి ఉందని మొహమాటం లేకుండా రాసుకుంది.

దక్షిణాది ఫ్యాక్టరీలు ఎందుకు కట్టలేదంటే, డబ్బంతా మనుషుల్లో ఇరుక్కుపోయింది. బానిసల వెల అప్పట్లో సుమారు 300 కోట్ల డాలర్లు, దేశంలోని రైళ్లూ ఫ్యాక్టరీలూ కలిపినా అంత లేదు. దేశంలోని 30 వేల మైళ్ల రైలు మార్గంలో దక్షిణాది వాటా 9 వేలే, అదీ ఎక్కువగా పత్తిని రేవుకు చేర్చేది.

బ్రిటన్ మిల్లులు ఎక్కువగా ఈ పత్తి మీదే నడిచేవి. అందుకే 1861లో పత్తి ఎగుమతి ఆపితే బ్రిటన్ తమ వైపు దిగొస్తుందని దక్షిణాదివాళ్లు లెక్కేశారు. ఆ లెక్క తప్పింది. బ్రిటిష్ గోదాముల్లో అంతకుముందు పంటల నిల్వలు నిండుగా ఉన్నాయి, అవి తగ్గాక ఈజిప్టు, భారత పత్తి అందుకుంది. గుంటూరు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది ఆ గిరాకీలోనే. 1865లో యుద్ధం ముగిసి ధర కుప్పకూలేసరికి బొంబాయి పత్తి వ్యాపారులు నిలువునా మునిగారు.